నగరంలోని ప్రభుత్వ బడులపై అధ్యయనం: సర్వేనా, రికార్డులా, రెండూనా?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెబుతాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకోండి. ఒక పెద్ద నగరంలోని ప్రభుత్వ బడులకు సంబంధించిన నాలుగేళ్ల నమోదు, హాజరు, మార్కుల ఫైళ్లు మీకు దొరికాయి. వాటికి తోడు టీచర్లకూ పిల్లలకూ ప్రశ్నావళి ఇద్దామనుకుంటున్నారు, దాని ముసాయిదా కూడా ఇక్కడ పెట్టారు. మీ పరిశోధన గైడ్ మాత్రం "చేతిలో రికార్డులుండగా సర్వే దేనికి, టైం దండగ" అంటున్నారు. రెండిట్లో దేన్ని నమ్మాలి, ఎంతమందిని అడగాలి, రెండిటినీ ఎలా కలపాలి? ఇదీ మీ ప్రశ్న.

మీ గైడ్ చెప్పింది సగం నిజం. రికార్డు ఉన్నచోట చాలా సర్వే ప్రశ్నలు నిజంగానే దండగ. పోయిన ఏడాది ఎన్ని రోజులు బడికి రాలేదో పిల్లవాణ్ని అడిగే కంటే రిజిస్టరు చూడటం మేలు. కానీ ఎందుకు రాలేదో రిజిస్టరులో ఉండదు. అయినా "ఏది నమ్మాలి" అనే దగ్గర ఆగిపోతే పని ముందుకు సాగదు. చాలా ఏళ్లుగా ఈ రెండు రకాల డేటాతోనూ కుస్తీ పడుతున్నవాడిగా నేను ప్రతి ఫైలునూ తెరిచేటప్పుడు వేసుకునే ప్రశ్న ఇది: ఇందులో ఉండాల్సిన పిల్లల్లో ఎవరు లేరు? నగరాల్లో ఈ ప్రశ్నకు బలం ఎక్కువ. అద్దె ఇల్లు మారితే బడి మారుతుంది, పని ఉన్నచోటికి కుటుంబం వెళ్తుంది, ఏడాది మధ్యలో పిల్లలు వస్తూ పోతూ ఉంటారు. మనం తెలుసుకోవాలనుకున్న కష్టాలు ఎవరికి ఎక్కువో, ఫైళ్లలోంచి జారిపోయేదీ సరిగ్గా ఆ పిల్లలే.

ముందు రికార్డుల సంగతి. ప్రతి రికార్డూ ఎవరో ఒకరు ఏదో ఒక అవసరం కోసం రాసిందే. ఆ అవసరం మీ పరిశోధన మాత్రం కాదు. నిధులు రావాలనో, పై ఆఫీసుకు జవాబు చెప్పుకోవాలనో, పిల్లవాణ్ని పరీక్షకు కూర్చోబెట్టాలనో రాస్తారు. అందుకే ఫైలులోని ఒక్కొక్క కాలమ్‌కూ మూడు విషయాలు కనుక్కోండి: దీన్ని ఎవరు నింపారు, ఏ రోజున నింపారు, సంఖ్య మారితే ఎవరికి లాభం లేదా నష్టం. ఏ కాలమ్‌కు ఏమిటర్థమో చెప్పే కోడ్‌బుక్‌లో ఇవి దొరకవు. ఆ డేటా ఎంట్రీ చేసే క్లర్కు పక్కన ఒక పూట కూర్చుంటే దొరుకుతాయి. ఖాళీ గడి ఉంటే సాఫ్ట్‌వేర్ ముందుకు కదలనివ్వదు కాబట్టి అక్కడ సున్నా కొడుతున్నారన్న సంగతి ఆయన మాత్రమే చెప్పగలడు. ఆ సున్నాలను మీరు మార్కులనుకుని సగటు తీస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ అమెరికాలోని హ్యూస్టన్ నగరం. అక్కడి బడుల్లో డ్రాపవుట్లు చాలా తక్కువని దేశమంతా చెప్పుకున్న రోజులవి. 2000–01లో బడి వదిలి వెళ్లిన దాదాపు 5,500 మంది పిల్లల కాగితాలను, 16 బడులకు సంబంధించినవి, రాష్ట్ర ఆడిటర్లు తిరగేశారు. వాళ్లలో సగానికి పైగా పిల్లలను డ్రాపవుట్లుగా లెక్కించాల్సి ఉండగా లెక్కించలేదని 2003లో బయటపడింది. పిల్లవాడు బడికి రావడం మానేశాడు అనే ఒక్క సంఘటనకు "వేరే బడికి మారాడు", "వేరే ఊరికి వెళ్లాడు" లాంటి కోడ్లు బోలెడు ఉన్నాయి. ఏ కోడ్ వేస్తే బడికి మచ్చ రాదో ఆ కోడ్ పడుతుంది. కాబట్టి మీ ఫైలులో "బదిలీ" అని ఉన్న ప్రతి పిల్లవాడూ ఇంకో బడిలో తేలాడా లేదా అని వెతకండి. నగరం మొత్తం ఫైలు మీ దగ్గర ఉందన్నారు కాబట్టి ఇది సాధ్యమే. ఎక్కడా తేలనివాళ్లలో కొందరు ప్రైవేటు బడికో, నగరం బయటికో వెళ్లి ఉంటారు, మిగతావాళ్లు చదువే మానేసి ఉంటారు. ఎవరు ఏమయ్యారో తెలియకపోయినా, ఆ గుంపు ఎంత పెద్దదో మీ నివేదికలో రాయాలి.

డబ్బు ముడిపడితే సంఖ్య ఎటు ఒరుగుతుందో కెన్యా అనుభవం చెబుతుంది. 2003లో అక్కడ ప్రాథమిక విద్యలో ఫీజులు ఎత్తేసి, పిల్లల సంఖ్యను బట్టి బడులకు నిధులిచ్చారు. ఆ తర్వాత అధికారిక లెక్కల్లో నమోదు బాగా ఎగబాకింది కానీ ఇంటింటి సర్వేల్లో అంత పెరుగుదల కనబడలేదు. జస్టిన్ శాండెఫర్, అమాండా గ్లాస్‌మన్ 2015లో ఆఫ్రికా దేశాల లెక్కలను పక్కపక్కన పెట్టి చూపించింది ఈ తేడానే. మీ గైడ్‌కు చూపించాల్సింది ఇదే. రికార్డు తప్పు చెబుతోందని పసిగట్టడానికి రికార్డుకు బయట ఇంకో ఆధారం కావాలి, ఆ ఆధారం చాలాసార్లు సర్వేయే.

అన్నిసార్లూ బయటి ఆధారం అక్కర్లేదు, కొన్ని తప్పులు ఫైలులోనే కనబడతాయి. ఏ ఫైలు వచ్చినా సగటు తీయకముందే ఒక హిస్టోగ్రాం (ఏ విలువ ఎంతమందికి వచ్చిందో చూపే పటం) గీసి చూడండి. న్యూయార్క్‌లో రీజెంట్స్ అనే పరీక్షలుంటాయి. ఒకప్పుడు ఆ పేపర్లను పిల్లలు చదివే బడిలోని టీచర్లే దిద్దేవారు. స్కోర్ల పట్టీ గీస్తే పాస్ గీతకు కాస్త కింద గుంట, సరిగ్గా గీత దగ్గర గుట్ట. థామస్ డీ, విల్ డాబీ, బ్రయాన్ జేకబ్, జోనా రాకాఫ్ కలిసి చేసిన లెక్కలో గీతకు దగ్గరగా ఉన్న స్కోర్లలో దాదాపు 40 శాతం పెంచినవే. అంచున ఉన్న పేపర్లను మళ్లీ దిద్దే ఆనవాయితీని ఆపి, సొంత బడిలో దిద్దకుండా చేశాక ఆ గుట్ట పోయింది. టీచర్లు దీన్ని దొంగతనం అనుకుని చేశారని నేననుకోను. ఒక్క మార్కుతో పిల్లవాడి ఏడాది పోతుందంటే చేయి ఆడక కలిపి ఉంటారు. మనకు దాంతో పనిలేదు. ఆ గీత చుట్టూ ఉన్న మార్కులు పిల్లవాడి చదువును కాక టీచరు జాలిని కొలుస్తున్నాయని గుర్తుంచుకుంటే చాలు. కనీస హాజరు శాతం నిబంధన ఉన్నచోట హాజరు ఫైలులోనూ ఇదే ఆకారం కనబడుతుంది. 75 శాతం తప్పనిసరి అయితే 74 దగ్గర ఖాళీ, 76 దగ్గర రద్దీ.

ఇంకాస్త లోతుగా వెళ్లాలంటే బ్రయాన్ జేకబ్, స్టీవెన్ లెవిట్ షికాగో ప్రాథమిక బడులపై 2003లో ప్రచురించిన పని చూడండి. ఒక తరగతిలో చాలామంది పిల్లల జవాబు పత్రాల్లో వరుసగా కొన్ని ప్రశ్నలకు అచ్చు ఒకే జవాబులు ఉండటం, ఆ ఏడాది తరగతి స్కోరు అమాంతం ఎగిరి మరుసటి ఏడాది కింద పడటం, ఈ రెండూ కలిస్తే అనుమానించాలన్నది వాళ్ల పద్ధతి. అలా చూస్తే ఏటా కనీసం 4–5 శాతం తరగతుల్లో పెద్దవాళ్ల చేతివాటం ఉందని తేలింది. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. తొంభై అయిదు శాతం తరగతుల్లో అలాంటి జాడ లేదన్నది కూడా అదే లెక్క. రికార్డులను పారేయనక్కర్లేదు, తనిఖీ చేస్తే చాలు.

హాజరు రికార్డును చాలామంది చిన్నచూపు చూస్తారు. నా దృష్టిలో మీ దగ్గరున్న ఫైళ్లలో అన్నిటికంటే విలువైనది అదే. షికాగోలో ఎలేన్ అలెన్స్‌వర్త్, జాన్ ఈస్టన్ 2005లో ఒక సాదా సూచికను తయారుచేశారు. తొమ్మిదో తరగతిలో పిల్లవాడు పై తరగతికి సరిపడా క్రెడిట్లు సంపాదించాడా, ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఒక సెమిస్టరుకు మించి ఫెయిల్ కాకుండా ఉన్నాడా అన్న రెండే షరతులు. ఈ రెండూ నెగ్గినవాళ్లు నాలుగేళ్లలో హైస్కూలు పూర్తిచేసే అవకాశం మిగతావాళ్ల కంటే మూడున్నర రెట్లు ఎక్కువ. రెండేళ్ల తర్వాత వాళ్లే ఇంకోటి చూపించారు. తొమ్మిదో తరగతిలో ఎవరు తప్పుతారో చెప్పడంలో ఎనిమిదో తరగతి పరీక్ష స్కోరు కంటే తొమ్మిదో తరగతి హాజరు ఎనిమిది రెట్లు మెరుగైన ఆధారం. ఇదంతా ప్రతి బడిలోనూ మూలన పడి ఉండే కాగితాల నుంచి వచ్చిందే.

అయితే హాజరును బడి సగటుగా వాడకండి. వందమంది పిల్లలున్న బడిలో సగటు హాజరు 95 శాతం అనుకోండి. అందరూ తలా 5 శాతం రోజులు మానినా 95 వస్తుంది. ఎనభైమంది ఒక్కరోజూ మానకుండా, ఇరవైమంది మాత్రం నాలుగో వంతు రోజులు మానినా అదే 95 వస్తుంది. మొదటి బడికి సమస్య లేదు, రెండో బడిలో ఇరవైమంది పిల్లలు చేజారిపోతున్నారు. అందుకే ఒక్కో పిల్లవాడి లెక్క తీసి, పనిదినాల్లో 10 శాతం లేదా అంతకు మించి మానినవాళ్లు ఎంతమందో చూస్తారు. 180 రోజుల ఏడాదిలో అది 18 రోజులు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, నగరంలో తరచూ తగిలేదే. పిల్లవాడు ఏడాదిలో రెండు బడులు మారితే ఒక్కో బడి ఫైలులో అతని గైర్హాజరు తక్కువగానే కనబడుతుంది. పైగా ఒక బడిలో పేరు కొట్టేసి, ఇంకో బడిలో రాసేలోపు గడిచిన మూడు వారాలు ఎవరి ఫైలులోనూ ఉండవు. బడి వారీగా కాక పిల్లవాడి వారీగా ఏడాదంతా కుట్టి చూస్తేనే ఆ వారాలు బయటపడతాయి.

నాలుగేళ్ల ఫైళ్లున్నాయన్నారు కదా, వాటిని నాలుగు విడి ఏళ్లుగా చూడకపోవడం ముఖ్యం. అమెరికాలో పేదరికానికి కొలతగా ఉచిత లేదా తగ్గింపు ధర మధ్యాహ్న భోజనానికి అర్హత ఉందా లేదా అన్నదాన్ని వాడుతూ వచ్చారు. మిషిగన్ రాష్ట్రంలో క్యాథరీన్ మిషెల్‌మోర్, సూసన్ డైనార్‌స్కీ ఎనిమిదో తరగతి పిల్లలను తీసుకుని వెనక్కి వెళ్లి చూశారు. ఆ ఏడాది అర్హత ఉన్నవాళ్లు సగంమంది. కిండర్‌గార్టెన్ నుంచి ప్రతి ఏడాదీ అర్హత ఉన్నవాళ్లు 14 శాతమే. చదువులో వెనకబాటు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఈ 14 శాతం దగ్గరే. ఒక్క ఏడాది ఫైలు చూస్తే ఈ పిల్లలూ, ఆ ఏడాదే ఇబ్బందుల్లో పడ్డ పిల్లలూ ఒకే గాటన ఉంటారు. ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. 2014–15 నుంచి పేద ప్రాంతాల బడుల్లో పిల్లలందరికీ ఉచితంగా పెట్టే వెసులుబాటు దేశమంతా వచ్చింది. పిల్లల కడుపులకు మంచి జరిగింది, కానీ ఆ బడుల్లో ఆ గడి చూసి ఎవరు పేదో చెప్పడం ఇక కుదరదు. మీ ఫైళ్లలో కూడా ఏదైనా అంకె ఒక ఏడాది నుంచి ఉన్నట్టుండి మారితే, పిల్లలు మారారా, నిబంధన మారిందా అని ముందు కనుక్కోండి. పదింట తొమ్మిదిసార్లు నిబంధనే.

ఇక సర్వే. మొదటి మాట, సర్వే రోజున బడికి రాని పిల్లవాడు మీ సర్వేలో ఉండడు. గైర్హాజరు గురించి చేసే సర్వేలో గైర్హాజరైనవాళ్లే ఉండరన్నమాట! నవ్వొస్తుంది కానీ ఇలాంటివి చాలా చూశాను. ఈ చిక్కులోంచి బయటపడేసేది మీ రికార్డే. తరగతిలో నలభైమంది ఉండి ముప్పై ఒక్కరు రాశారనుకోండి. మిగతా తొమ్మిదిమంది పాత హాజరు, మార్కులు, ఎన్ని బడులు మారారు అన్నది మీ ఫైలులో ఉంది. రాసినవాళ్లకూ రాయనివాళ్లకూ తేడా ఎంతో అక్కడే తెలిసిపోతుంది. హాజరు తక్కువగా ఉన్న పిల్లల్లో సగంమందే రాశారని తేలితే, రాసిన ఒక్కొక్కరి జవాబుకూ రెండింతల బరువు ఇవ్వడం మామూలుగా చేసే సర్దుబాటు. కానీ రాయనివాళ్లూ రాసినవాళ్లలాగే జవాబిచ్చి ఉండేవారన్న నమ్మకం మీదే ఆ లెక్క నిలబడుతుంది. ఆ నమ్మకం కంటే రెండోసారి వెళ్లడం మంచిది. బడ్జెట్ తక్కువగా ఉంటే కొత్తగా వందమందిని చేర్చకుండా, మొదటిసారి దొరకనివాళ్లలో ఇరవైమందిని వెతికి పట్టుకోండి. ఆ ఇరవైమంది మీకు ఎక్కువ నేర్పుతారు.

పెద్ద సర్వేలు కూడా దీనికి అతీతం కావు. అమెరికాలో 1966లో వచ్చిన కోల్‌మన్ నివేదిక దాదాపు 6 లక్షలమంది పిల్లల సమాచారంతో చేసింది. బడి వనరుల కంటే పిల్లవాడి ఇంటి నేపథ్యమే ఫలితాలకు ఎక్కువ కారణమన్న దాని మాట ఇప్పటికీ చర్చలోనే ఉంది. కానీ ఎంపికైన హైస్కూళ్లలో సుమారు 40 శాతం నుంచి వాడదగ్గ సమాచారం రాలేదు, పాల్గొనబోమన్నవాటిలో కొన్ని పెద్ద నగరాలూ ఉన్నాయి. లక్షల సంఖ్య చూసి మురిసిపోయేవాళ్లకు నేను ఈ సంగతి గుర్తుచేస్తుంటాను.

ఎంతమందిని అడగాలన్న మీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే. పిల్లల సంఖ్య కంటే బడుల సంఖ్య ముఖ్యం. ఒకే బడి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి, అదే బడిలో ఇరవై అయిదో పిల్లవాణ్ని అడిగితే కొత్తగా తెలిసేది తక్కువ. మార్కుల విషయంలో పిల్లల మధ్య తేడాల్లో అయిదో వంతు దాకా బడుల మధ్య తేడాయే ఉండటం మామూలు, అంటే ఇంట్రాక్లాస్ కోరిలేషన్ 0.2. అప్పుడు 20 బడుల్లో 25 మంది చొప్పున 500 మందిని అడిగితే డిజైన్ ఎఫెక్ట్ (ఈ పోలిక వల్ల మీ సంఖ్య బలం ఎన్నో వంతుకు తగ్గుతుందో చెప్పే కొలత) 1 + 24 × 0.2 = 5.8. మీ 500 మంది, నగరమంతటి నుంచి విడివిడిగా ఎంచిన 86 మందితో సమానం. అదే 500 మందిని 50 బడుల్లో 10 మంది చొప్పున తీసుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 2.8, సమానమైన సంఖ్య 179. ఖర్చు కొంచెం పెరుగుతుంది, సమాచారం రెట్టింపవుతుంది. "బడిలో నీకు భయంగా ఉంటుందా" లాంటి అభిప్రాయాల ప్రశ్నలకు ఈ పోలిక సాధారణంగా ఇంత ఉండదు, 0.05 అనుకుంటే మొదటి పద్ధతిలోనే 227 వస్తుంది. మీకు ముఖ్యమైన ప్రశ్న ఏదో తేల్చుకుని దానికి తగ్గట్టు లెక్కవేసుకోండి. మీ పాత మార్కుల ఫైలు నుంచే మీ నగరం కోరిలేషన్ తీయొచ్చు, వేరే పుస్తకంలోంచి అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ప్రశ్నలు రాయడం గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మీ ముసాయిదాలో నాకు గుచ్చుకున్నది అదే. మీరు రాసిన ఏడో ప్రశ్న: "మీ తల్లిదండ్రులు మీ చదువు పట్ల, బడి కార్యక్రమాల పట్ల శ్రద్ధ చూపుతారా? ఎప్పుడూ / తరచుగా / అప్పుడప్పుడు / లేదు." ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. చదువు వేరు, బడి కార్యక్రమాలు వేరు. తల్లిదండ్రులు లేని పిల్లలు, అమ్మమ్మ దగ్గర పెరిగేవాళ్లు ఏం రాయాలి? అన్నిటికంటే పెద్ద చిక్కు, అమ్మానాన్నలకు శ్రద్ధ లేదని రాసే పిల్లవాడు ఉండడు. అందరూ మొదటి రెండు గడులే కొడతారు, మీ దగ్గర తేడాలే లేని ఒక కాలమ్ మిగులుతుంది. దానికి బదులు "నిన్న సాయంత్రం నువ్వు హోంవర్క్ చేస్తున్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పక్కన కూర్చున్నారా?" అని అడగండి. పక్కనే "నిన్న హోంవర్క్ చేయలేదు" అనే గడి తప్పనిసరిగా పెట్టండి. చదువురాని అమ్మ కూడా పక్కన కూర్చోగలదు, కాబట్టి ఈ ప్రశ్న చదువుకున్న ఇళ్ల వైపు మొగ్గదు. "నిన్న" అన్నది ఒక్కరోజే కాబట్టి ఏ ఒక్క పిల్లవాడి గురించీ గట్టిగా చెప్పలేం, కానీ వందలమంది జవాబుల్లో ఆ హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. సెలవు మరుసటి రోజున మాత్రం ఈ ప్రశ్న అడగొద్దు.

పిల్లలు తమను తాము దేనితో పోల్చుకుని జవాబిస్తారన్నది ఇంకో గండం. బోస్టన్‌లో మార్టిన్ వెస్ట్ బృందం ఎనిమిదో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. సీట్లకు మించి దరఖాస్తులు వచ్చే చార్టర్ బడుల్లో (ప్రభుత్వ నిధులతో, సొంత నిర్వహణలో నడిచేవి) పిల్లల మార్కులు బాగా పెరిగాయి. కానీ పట్టుదల, నిగ్రహం ఎంతున్నాయని అడిగితే ఆ పిల్లలే తమకు తక్కువ మార్కులు వేసుకున్నారు. క్రమశిక్షణ గట్టిగా ఉన్న బడిలో కష్టపడటానికి కొలబద్దే వేరు, దాని పక్కన తాము సోమరుల్లా కనబడతారు. దీని అర్థం స్పష్టమే: బడికీ బడికీ మధ్య "నేను కష్టపడతాను" లాంటి స్వీయ అంచనాలను పోల్చకండి. అదే బడిలో ఇద్దరు పిల్లల మధ్య పోలికకు అవి కొంత పనికొస్తాయి.

టీచర్ల సర్వేలో ఎవరి చేతికి కాగితం తిరిగి వెళ్తుందన్నదే అసలు ప్రశ్న. "హెడ్మాస్టరుతో మీకు పొసగుతుందా?" అని అడిగి, నింపిన కాగితాలు హెడ్మాస్టరు టేబుల్ మీద పెట్టమంటే అందరికీ పొసగుతుంది. మీరే కవర్లిచ్చి, వాళ్లు అతికించిన కవర్లను మీరే వెనక్కి తీసుకోండి. ఇంకోటి, రికార్డుతో కలపాలంటే ప్రతి ప్రశ్నావళి మీద ఏదో ఒక కోడ్ ఉండక తప్పదు. అలాంటప్పుడు "మీరెవరో ఎవరికీ తెలియదు" అని రాయొద్దు, అది అబద్ధం. "మీరెవరో మా పరిశోధన బృందానికి మాత్రమే తెలుస్తుంది, బడిలో ఎవరికీ చెప్పం" అని రాయండి. కొందరు వెనక్కి తగ్గుతారు, తగ్గనివ్వండి. మోసపోయామని తెలిస్తే మీ తర్వాత ఆ బడికి వెళ్లే పరిశోధకుడికి ఎవరూ తలుపు తీయరు.

రెండిటినీ కలిపే పని కాగితం మీద తేలిక, చేస్తే తెలుస్తుంది. ఒకే గుర్తింపు సంఖ్య అన్నిచోట్లా ఉంటే అదృష్టవంతులు. లేకపోతే పేరు, పుట్టినతేదీ, బడి పట్టుకుని కలపాలి. ఒకే పేరు మూడు ఫైళ్లలో మూడు స్పెల్లింగులతో ఉంటుంది, ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటుంది. అసలు తేదీ తెలియక ఏడాది మొదటి రోజున పుట్టినట్టు రాసిన పిల్లలు గుంపులుగా తగులుతారు. తొంభై శాతం కలిసిందని సంబరపడే ముందు కలవని పది శాతం సగటు హాజరెంతో, ఎన్ని బడులు మారారో తీసి చూడండి. నేను చూసినంతలో ఆ పదిలో బడులు మారిన పిల్లలే ఎక్కువ ఉంటారు. వాళ్లు పడిపోతే మీ ఫలితాలన్నీ ఒకే బడిలో కుదురుగా ఉన్న పిల్లల గురించి మాత్రమే. కలిసిన జంటల్లోంచి ఓ రెండువందలను లాటరీలా తీసి కళ్లతో సరిచూడండి. తప్పుగా కలిసినవి ఎన్నో లెక్కపెట్టి నివేదికలో రాయండి.

ఇంత కష్టపడితే ఏమొస్తుందంటారా? ఆంథనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ షికాగోలో చేసింది ఇదే. 1990ల్లో టీచర్ల సర్వేల నుంచి ఒక్కో బడిలో టీచర్లు, ప్రిన్సిపాల్, తల్లిదండ్రులు ఒకరినొకరు ఎంత నమ్ముతున్నారో కొలిచి, ఆ బడుల పరీక్ష ఫలితాల రికార్డుతో కలిపారు. నమ్మకం గట్టిగా ఉన్న బడుల్లో సగం బడులు చదవడంలో, లెక్కల్లో మెరుగయ్యాయి. నమ్మకం బాగా తక్కువ ఉన్నచోట ఏడింట ఒకటే మెరుగైంది. నమ్మకం అనేది ఏ రిజిస్టరులోనూ ఉండదు, మార్కుల పెరుగుదలను ఏ టీచరూ సరిగ్గా చెప్పలేడు. రెండూ కలిస్తే తప్ప ఈ సంగతి బయటికి రాదు. మీ గైడ్‌కు ఈ ఉదాహరణ కూడా చూపించండి.

కానీ ఇక్కడే కాలు జారే ప్రమాదం. మే నెలలో ఫలితాలు వచ్చాక జూన్‌లో టీచర్లను అడిగితే, మంచి ఫలితాలు వచ్చిన బడిలో అందరూ అందరినీ నమ్ముతున్నామనే అంటారు. సర్వే ముందు, ఫలితం తర్వాత ఉండేలా చూసుకోండి. పాత ఫలితాలను కూడా లెక్కలోకి తీసుకోండి, ఆ ఒక్క ఏడాది మార్కుల స్థాయిని కాక మార్పును కొలవండి. అప్పటికీ "నమ్మకం వల్లే మార్కులు పెరిగాయి" అని రాయొద్దు. రెండూ కలిసి కనబడ్డాయని రాస్తే చాలు. బడి స్థాయి సంఖ్యల నుంచి పిల్లవాడి స్థాయి మాటలు కూడా చెప్పకండి. పేద పిల్లలు ఎక్కువున్న బడుల్లో సగటు తక్కువగా ఉంటే, ఆ బడిలో తక్కువ మార్కులొచ్చినవాళ్లు పేద పిల్లలేనని అర్థం కాదు. డబ్ల్యూ. ఎస్. రాబిన్సన్ 1950లోనే ఈ పొరపాటును అంకెలతో చూపించాడు, ఇప్పటికీ థీసిస్‌లలో కనబడుతూనే ఉంది.

సర్వేకూ రికార్డుకూ పొంతన కుదరనప్పుడు కళ్లతో చూడటమే మిగిలిన దారి. ఆరు దేశాల ప్రాథమిక బడులకు ముందుగా చెప్పకుండా వెళ్లి చూసిన అధ్యయనం 2006లో వచ్చింది. సగటున 19 శాతం టీచర్లు బడిలో లేరు, భారత్‌లో 25 శాతం. ఇలాంటి అంకె హాజరు రిజిస్టరులో దొరకదు, టీచర్లను అడిగితే అసలే రాదు. మీరు అన్ని బడులకూ వెళ్లనక్కర్లేదు. శాంపిల్ బడుల్లోంచి కొన్నింటికి ఒకసారి చెప్పకుండా వెళ్లి, తరగతిలో తలలు లెక్కపెట్టి, ఆ రోజు రిజిస్టరుతో పోల్చండి. తేడా ఎంతో తెలిస్తే మిగతా బడుల రిజిస్టర్లను ఎంత నమ్మాలో తెలుస్తుంది. బడిని పట్టించడానికి వచ్చారనుకోకుండా, ఎందుకు లెక్కపెడుతున్నారో ముందుగానే పై అధికారులతో మాట్లాడుకుని, బడి పేరు ఎక్కడా రాయబోమని మాటివ్వండి.

పట్టికలు ప్రచురించేటప్పుడు చిన్న గడుల దగ్గర జాగ్రత్త. పదిమంది కంటే తక్కువ ఉన్న గడిని మూసేస్తే సరిపోతుందనుకుంటారు. పక్కన మొత్తం ఇచ్చి, మిగతా గడులన్నీ ఇస్తే తీసివేత వచ్చిన ఎవరైనా ఆ గడి కనుక్కుంటారు. రెండో గడి కూడా మూయాలి. ఒక బడిలో వైకల్యం ఉన్న అమ్మాయి ఒక్కతే ఉంటే, ఆమె మార్కులు పట్టికలోంచి ఎవరికైనా తెలిసిపోవచ్చు. ఫైళ్లలో పేర్లున్న కాపీని వేరే చోట, తాళంతో ఉంచండి. మీరు రోజూ పనిచేసే కాపీలో కోడ్లు మాత్రమే ఉండాలి.

ఆఫీసు ఇచ్చిన మొదటి ఫైలును తేదీ వేసి, ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఆ ఫైళ్లు సజీవంగా ఉంటాయి, ఆలస్యంగా వచ్చిన మార్కులు, సవరణలు, పేరు మార్పులు అందులో ఎక్కుతూనే ఉంటాయి. అదే ఏడాది ఫైలును ఆరునెలల తర్వాత మళ్లీ అడిగితే మొత్తం పిల్లల సంఖ్యే వేరుగా వస్తుంది. రెండో కాపీ దొరికితే అదీ దాచి, రెండిటి మధ్య ఏ బడుల్లో ఎన్ని గడులు మారాయో తీయండి. సవరణలు ఎక్కువ జరిగిన బడుల జాబితా వస్తుంది. ఆ క్లర్కు దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు దాన్ని పట్టుకెళ్లండి. సవరించిన ప్రశ్నావళి సిద్ధమయ్యాక ఇక్కడే పెట్టండి, ఏడో ప్రశ్న ఏమైందో చూస్తాను.